కిరాయికి పోయిన పాటల పెట్టె

ఆండాలు ఇంట్లో పాట వినాలంటే ఉన్ని విడదీయాలి. అది ఆమె పెట్టిన నియమం. సూర్యాపేట కురుమవాడలో అప్పటికి గ్రామఫోన్ మోగే ఇల్లు అదొక్కటే. చుట్టుపక్కల ఆడవాళ్ళు పొద్దుగూకే వేళకు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. వచ్చినవాళ్ళు గంపలోంచి పిడికెడు ఉన్ని తీసుకుని, అందులోని పల్లేరుకాయలూ గడ్డిపోచలూ ఏరి, మెత్తగా విడదీసి పక్కన పెట్టాలి. మర్నాడు ఆమె దాన్ని వడికేది. ఆ నూలుతో భర్త ఎర్రయ్య గొంగళ్ళు నేసేవాడు. పాట చెవులకు, పని చేతులకు, ఒకదానికొకటి ఏం అడ్డమని ఆమె అడిగేది.

ఆ పెట్టె ఆమె ఒక్కతెది కాదు. ముగ్గురు అక్కచెల్లెళ్ళది. పెద్దది మణెమ్మ కోదాడలో, నడిపిది సైదమ్మ మిర్యాలగూడలో, చిన్నది ఆండాలు సూర్యాపేటలో కాపురాలు చేస్తున్నారు. వాళ్ళ తండ్రి పర్వతాలు మిర్యాలగూడ దగ్గరి పల్లెలో గొర్రెల మంద ఉన్న మనిషి. చేతికి ఎముక లేని మనిషి మాత్రం కాదు. కూతుళ్ళు ఏడాదికోసారి పిల్లలతో దిగి ఒగ్గుకథ చెప్పించమంటారు, డేరా సినిమాకు తీసుకుపొమ్మంటారు. బండి కట్టాలి, అంతమందికి టిక్కెట్లు కొనాలి, మర్నాడు పనులు మానాలి. ఇదంతా ఆలోచించి, నల్లగొండ నుంచి బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఉద్యోగి దగ్గర ఆయన గొర్రెలిచ్చి గ్రామఫోన్ పెట్టె తెచ్చాడు. దానితోపాటు ఒక తట్టెడు రికార్డులు వచ్చాయి. మూడిళ్ళకు మూడు కొనలేనని, ఒక్కదాన్నే మూడిళ్ళకూ తిప్పుకోమని కూతుళ్ళకు చెప్పాడు.

అప్పుడే మణెమ్మ ఒక మాట లేవనెత్తింది. చిన్నది లేనివాళ్ళ ఇంట్లో పడింది, పెళ్ళివాళ్ళెవరైనా వచ్చి నాలుగు పైసలు చూపిస్తే పెట్టెను కిరాయికిస్తుంది, పది చేతులు పడితే అది ఆర్నెల్లు ఉండదు అని. ఆండాలుకు ఆ మాట గుచ్చుకుంది. కానీ ముందుగా బండారి ముట్టింది ఆమే. పర్వతాలు గొంగడి పరిచి, దాని మీద మల్లన్న బండారి పోసి, పెట్టెను కిరాయికి ఇవ్వమని ముగ్గురి చేతా ఆ పసుపు ముట్టించి ఒట్టు వేయించాడు. తన మాటగా ఒకటి చెప్పాడు.

"కిరాయికి పోయిన నాడు అది మన ఇంటి పెట్టె కాదు, సంత సరుకు. అమ్మి ముగ్గురు పంచుకోండ్రి. దాని కోసం కొట్లాడుకోవద్దు."

ఆ మరుసటి ఏడే ఆయన పోయాడు.

వంతులు ఏర్పాటు చేసింది కూడా మణెమ్మే. మాఘం నుంచి వైశాఖం దాకా తనకు, వానాకాలం నాలుగు నెలలు ఆండాలుకు, తరవాతి చలికాలం సైదమ్మకు. వానల్లో పెట్టెకు చెమ్మ తగులుతుంది, పదిలంగా చూసే చేయి ఆండాలుదేనని ఆమె అందరి ముందూ చెప్పింది. ఆండాలు ఆ పొగడ్తకు పొంగిపోయింది. ఆమె నిజంగానే పెట్టెను పొయ్యికి దగ్గరగా, మరీ దగ్గర కాకుండా, ఒక పీట మీద పెట్టేది. ఒకసారి నిప్పురవ్వ ఎగిరి మూత అంచు మీద చింతగింజంత మచ్చ పడితే వారం రోజులు బాధపడింది. వంతు ముగిసే ముందు ఎర్రయ్య చేత మరలు విప్పించి, దుమ్ము దులిపి, స్ప్రింగుకు కొత్త గ్రీసు పట్టించి పంపేది.

సూదుల సంగతి ఇంకొకటి. ఇనుప సూది ఒకటి రెండు పాటలకే అరిగిపోతుంది. అరిగిన సూదితో వాయిస్తే రికార్డు గీత పాడవుతుంది. కొత్తవి కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాలి. పర్వతాలు బతికుండగానే దీనికి ఉపాయం కనిపెట్టాడు. ముదురు తుమ్మముల్లు తెచ్చి, వేడి బూడిదలో రాత్రంతా ఉంచి, మొదలు కోసి సూది చోట బిగించాడు. పాట వచ్చింది. సన్నగా, గదిలో కూర్చున్నవాళ్ళకు మాత్రమే వినిపించేలా వచ్చింది. ముల్లు అరిగితే మొన కోసుకోవచ్చు, ఊరి బయట కావలసినన్ని చెట్లు. పైగా రికార్డు మీద గీత పడదు. గొర్రెల వెంట వెళ్ళినప్పుడు ముళ్ళు ఏరడం ఆండాలుకు అలవాటైపోయింది. ఆమె ఇంట్లోంచి పెట్టె వెళ్ళేటప్పుడు, సూదులు పెట్టే చిన్న అరలో అక్కల కోసం కూడా గుప్పెడు ముళ్ళు వేసి పంపేది.

కోదాడ నుంచి సూర్యాపేటకు పెట్టె రావడం అంత తేలిక కాదు. నడుమ మునగాల ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. బస్సు నిజాం రాజ్యం దాటి మళ్ళీ నిజాం రాజ్యంలోకి వస్తుంది. నాకాల దగ్గర సుంకంవాళ్ళు మూటలు విప్పమంటారు. పెట్టె పాతదని, ఇంటిదని, అమ్మేది కాదని ప్రతిసారీ చెప్పుకోవాలి. మణెమ్మ తరఫున ఎవరో ఒకరు గొంగట్లో చుట్టి తెచ్చేవారు. పెట్టె వచ్చిన నాడు ఆండాలు ఇంట్లో పిల్లలకు పండగ.

వాళ్ళ పెద్దవాడు ఒకసారి రికార్డు మీద కూర్చున్నాడు. శివుడి మీద తత్వం ఉన్న రికార్డు అది. అంచు నుంచి రెండు వేళ్ళ మేర పగులు తీసింది. పారెయ్యడానికి ఆండాలుకు మనసొప్పలేదు. పాట మొదట్లో తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది, పగులు దాటాక మామూలే. ముల్లుతో వాయిస్తే ఆ టక్కు గోటితో చెక్క మీద తట్టినంత. తండ్రికి ఇష్టమైన తత్వమని ఆమె దాన్ని కూడా అక్కలకు పంపుతూనే ఉండేది.

నలభై ఏడు శ్రావణంలో ఎర్రయ్య బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మగ్గం ఆగింది. అదే నెలలో ఊళ్ళో ఒక సాహుకారి ఇంట్లో పెళ్ళి వచ్చింది. వాళ్ళ మనిషి వచ్చి, మూడు రోజులకు పెట్టె ఇమ్మని, మగ్గం మీద రెండు నెలలు నేసినా రానంత డబ్బు చెప్పాడు. ఆండాలు ఇవ్వలేదు. మంచంలో ఉన్న ఎర్రయ్య తిట్టాడు. ఇంట్లో డొక్కలు ఎండుతుంటే ఒట్టు పట్టుకుని వేలాడే మనిషిని తాను ఎక్కడా చూడలేదన్నాడు. ఆమె కాళ్ళ వెండి కడియాలు తీసి అదే సాహుకారి దగ్గర కుదువ పెట్టి వచ్చింది.

కొన్నాళ్ళకు మణెమ్మ మరిదిని చూడటానికి వచ్చి రెండు రోజులుంది. ఆమె వెళ్ళాక ఎర్రయ్య తిట్లు మానేశాడు. కాలు బాగయ్యాక నాలుగు గొర్రెలు తోలుకొచ్చాడు. ఎవరివని అడిగితే, కోదాడ వైపు ఆసామివని, పాలుకు తెచ్చానని, పిల్లల్లో సగం మనకని చెప్పాడు. ఆండాలు వాటిని తన మందతో పాటే మేపింది. ఒకదానికి గిట్టల జబ్బు వస్తే రోజూ వేపాకు కాచి కడిగింది. పరాయి సొమ్ము, పోతే మాట వస్తుందని భయం.

మరుసటి ఏడు గడబిడలు. ఊళ్ళు ఖాళీ చేసి జనం సరిహద్దు దాటి పోతున్నారు. పెట్టెను మునగాలలో తెలిసినవాళ్ళ ఇంట్లో దాచానని, ఈసారి వంతు వదులుకొమ్మని మణెమ్మ కబురు పంపింది. ఆండాలు సంతోషంగా ఒప్పుకుంది. పెట్టె క్షేమంగా ఉంటే చాలన్నది. ఆ వానాకాలమంతా ఆమె ఇంట్లో పాట లేదు. పిల్లలు ఖాళీ పీట చుట్టూ తిరిగేవారు. పోలీసు చర్య అయి ఊళ్ళు కుదుటపడ్డాక చలికాలం వంతు సైదమ్మకు వెళ్ళింది, మాఘంలో తిరిగి కోదాడ చేరింది.

నలభై తొమ్మిది ఫాల్గుణంలో ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. మిర్యాలగూడలో ఎర్రయ్య చుట్టాల ఇంట్లో ఒకటి. తానొక్కడే పోయి వస్తానని, పిల్లలతో బస్సు ప్రయాణం ఎందుకని అతను అన్నాడు. చివరికి మగ్గం మీద పని తెమలక అతనే ఆగిపోయాడు. ఆండాలు పిల్లల్ని తీసుకుని బయలుదేరింది. పెళ్ళింట్లో సైదమ్మ ఎదురొచ్చి, పలకరింపు కూడా పూర్తికాకముందే, పందిట్లో ఎండ ఉందని, వెనక వంటల దగ్గర కూర్చుందాం రమ్మని లాక్కుపోయింది.

వంటల దగ్గర ఉండగానే పందిట్లో పాట మొదలైంది. ఊరంతా వినిపించేంత గట్టిగా. మొదట్లోనే టక్, టక్ అని, మేకు మీద సుత్తి పడినట్టు. పిల్లలు ముందుగా తలలెత్తారు. ఆండాలు అనుకున్నది, లోకంలో పగిలిన రికార్డు మనదొక్కటేనా అని. తరవాత టక్కు ఆగింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

ఆమె లేచి పందిట్లోకి వెళ్ళింది. సైదమ్మ వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

పెట్టెకు పెద్ద ఇత్తడి గొట్టం తగిలించి ఉంది. మూత అంచు మీద చింతగింజంత మచ్చ ఉంది. పక్కన స్టూలు మీద కూర్చున్నవాడు రాందాస్. కోదాడలో షామియానాలు, పెట్రోమాక్స్ లైట్లు కిరాయికిచ్చే మనిషి. ఆమె పెట్టె ఎవరిదని అడిగింది. అతను దాచుకోవలసిన సంగతేం ఉందన్నట్టు చెప్పాడు. మణెమ్మగారిదని, మూడేళ్ళుగా పెళ్ళిళ్ళ రోజులంతా తానే తిప్పుతున్నానని, పోయిన ఎండాకాలం సరిహద్దు అవతల జగ్గయ్యపేట వైపు కూడా బాగా నడిచిందని.

"మీరు సూర్యాపేట ఆండాలమ్మగారా? మీ పేరు విన్నానమ్మా. వానాకాలం మీ ఇంటికి రిపేరుకు పంపిస్తారు కదా. మీ చేయి పడి వస్తే పెట్టె కొత్తదానిలా ఉంటుంది. పోయినేడు పంపలేదు, అందుకే చూడండి, స్ప్రింగు మూలుగుతా ఉంది."

రిపేరుకు. ఏడాదంతా ఆమె ఎదురుచూసే నాలుగు నెలలకు కోదాడలో పెట్టిన పేరు అది.

సూదుల అర తెరిచి ఉంది. నిండా ఇనుప సూదులు. తన ముళ్ళు ఏమయ్యాయని ఆమె అడిగింది. పందిట్లో ముల్లు పాట ఎవరికి వినిపిస్తుందమ్మా, పారేశానన్నాడు రాందాస్. ఆమె మొహం చూసి అతనికి అనుమానం వచ్చింది. డబ్బు తాను ఎన్నడూ ఎగ్గొట్టలేదని, ముగ్గురు అక్కచెల్లెళ్ళకూ వాటా పోతుందని మణెమ్మగారే చెప్పారని అన్నాడు.

"మీ ఇంటాయన ఎర్రయ్యగారు రెండుసార్లు నా ఎదురుగానే తీసుకున్నారమ్మా. మీకు తెలియదా?"

అప్పటికి సైదమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆండాలు చెల్లెలు అక్కను అడిగినట్టు కాక, సాక్షిని అడిగినట్టు అడిగింది.

"నీకెరికేనా నడిపక్కా?"

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు చెప్పొద్దన్నది పెద్దక్క. నువ్వు పాణమన్న ఇడుస్తవు గని ఒట్టు ఇడవవంట. నేనేం జేద్దునే."

పెళ్ళిలో ఆమె అన్నం తినలేదు. పిల్లలు తినేదాకా ఉండి, వాళ్ళను తీసుకుని కోదాడకు వెళ్ళింది.

మణెమ్మ దడుచుకోలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, పిల్లలకు అన్నం పెట్టి, అప్పుడు మాట్లాడింది. తండ్రి బతికుంటే తానే ఒప్పించేదాన్నన్నది. ఏడాది పొడుగునా మూలన పడి ఉండే వస్తువు నాలుగు పైసలు తెస్తే తప్పేమిటన్నది. ఎవరి వాటా వాళ్ళకు అందుతున్నప్పుడు మోసం ఎక్కడున్నదన్నది. ఆండాలు ఒక్కటే అడిగింది, మరి నాకెందుకు చెప్పలేదని.

"చెప్తే నువ్వు ఒప్పుకుంటుంటివా?"

"ఒప్పుకోకపోతుంటి."

"అందుకే చెప్పలె. కూసోని ముద్ద తిను."

ఆమె కూర్చోలేదు. బస్సులో వచ్చేటప్పుడు అన్నీ ఒకదాని వెంట ఒకటి సర్దుకున్నాయి. పెళ్ళిళ్ళ నెలలు అక్కకు, పెళ్ళిళ్ళు పలచబడే వానలు తనకు. పెట్టె అరగడం అక్కడ, బాగుపడటం తన దగ్గర. కిరాయికిస్తుందని తనను అనుమానించి ఒట్టు పెట్టించిన మనిషే మూడేళ్ళుగా కిరాయికిస్తున్నది. ఆ ఒట్టు కట్టేసింది ఒక్క తననే. అక్క సంగతి ఆమెకు కోపం తెప్పించింది. భర్త సంగతి కోపం దగ్గర ఆగలేదు.

ఎర్రయ్య మగ్గం దగ్గర ఉన్నాడు. ఆమె మొహం చూడగానే అర్థమైంది. తాను తాగలేదని, పేకాడలేదని, ఇంటికే పెట్టానని చెప్పుకున్నాడు. ఆ గొర్రెలు పాలువి కావని, మనవేనని, మంద పెరగాలంటే మొదలు ఉండాలి కదా అని వాదించాడు. ఆమె వినీ విననట్టు దొడ్డి వైపు చూస్తూ అడిగింది.

"నా కడియాలు సాహుకారి కాడ ఉన్నయని నీకు యాదికున్నదా?"

ఉన్నదన్నాడు. కడియాలు తిండి పెడతాయా, గొర్రెలైతే ఈనుతాయి అని కూడా అన్నాడు. లెక్కకు అది తప్పు మాట కాదు. ఆ సాయంత్రం కూడా నాలుగు గొర్రెలకూ మేత వేసింది. వేపాకు నీళ్ళు పెట్టి బతికించినదాని దగ్గర మాత్రం నిలబడకుండా వచ్చేసింది.

జ్యేష్ఠంలో పెట్టె మామూలుగానే వచ్చింది. మణెమ్మకు చెల్లెలి స్వభావం తెలుసు. అరుస్తుంది, ఏడుస్తుంది, గ్రీసు మాత్రం పెట్టి పంపుతుంది. ఆమె అంచనాలో సగం నిజమైంది. ఆండాలు మరలు విప్పించింది, దుమ్ము దులిపింది, గ్రీసు పెట్టించింది. రికార్డులు తడిగుడ్డతో తుడిచి వెలుతురులో పట్టి చూసింది. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడిన గీతలు బూడిద రంగుకు తిరిగాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉన్ని గంప దగ్గర కూర్చుని ఎదురుచూశారు. పాట పెట్టలేదు. రాందాస్‌కు కబురు పంపింది.

అతను వచ్చి, అమ్ముతారా అని రెండుసార్లు అడిగాడు. అక్కగార్లకు తెలుసా అన్నాడు. తెలుస్తదని ఆమె చెప్పింది. వాడకట్టు పెద్దమనుషులు ఇద్దరిని పిలిచి, తండ్రి చెప్పిన మాటను ఉన్నది ఉన్నట్టు వాళ్ళ ముందు చెప్పి, ధర కట్టించింది. ఈ మొత్తం వ్యవహారంలో తనతో అబద్ధం చెప్పనివాడు ఇతనొక్కడే, అందుకని ఇతనికే ఇస్తున్నానని వాళ్ళతో అన్నది. ఎర్రయ్య గడప మీద కూర్చుని విన్నాడు. అడ్డం రాలేదు.

డబ్బు మూడు మూటలు కట్టింది. ఒకటి మిర్యాలగూడలో సైదమ్మకు ఇచ్చింది. సైదమ్మ ఏడ్చింది గానీ తీసుకుంది. రెండోది పట్టుకుని కోదాడకు వెళ్ళింది. మణెమ్మ భర్త అరుగు మీదే ఉండి చేయి చాపాడు. ఆండాలు అతన్ని దాటి లోపలికి పోయి, చేటలో బియ్యం చెరుగుతున్న అక్క ఒడిలో మూట పెట్టింది.

"నీ వాటా పెద్దక్కా. నీ చేతిల్నే పెడుతున్న. మీ ఆయన చేతిల పెడుతలేను."

మణెమ్మకు సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మూడేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "నన్నడగకుంట అమ్ముతవే?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటుంటివా?"

చేటలో బియ్యం అలాగే ఉండిపోయాయి. ఆండాలు వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళింది.

తన వాటాతో ఆమె కడియాలు విడిపించుకుంది. కాళ్ళకు పెట్టుకోలేదు, బట్టల సందుగలో దాచింది. ఎర్రయ్యతో కాపురం సాగింది, గొర్రెలు ఈనాయి, మంద పెరిగింది. అతను ఏదైనా తెస్తే ఎక్కడిదని మాత్రం ఆమె మళ్ళీ ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని అతనికి అనిపించేదని వాడలో చెప్పుకునేవారు. మణెమ్మ రాకపోకలు మానింది. చెల్లెలి కొడుకు పెళ్ళికి సైదమ్మ చేత చీర పంపింది. ఆండాలు దాన్ని కట్టుకుంది.

పెట్టె పోయాక కూడా నాలుగు రోజులు ఆడవాళ్ళు అలవాటుగా వచ్చి కూర్చున్నారు. పాట లేకుండా ఉన్ని ఎందుకు విడదీయాలో వాళ్ళకు తోచలేదు. ఒకరొకరే రావడం మానేశారు. ఆండాలు ఒక్కతే విడదీసుకుని వడుక్కునేది, రోజుకు పనయ్యేది సగమే.

పగిలిన రికార్డును రాందాస్ తీసుకోలేదు. గట్టి సూదికి ఆ పగులు ఇంకా పెరిగిందని, పందిట్లో జనం నవ్వుతున్నారని వదిలేసి వెళ్ళాడు. దాన్ని ఆమె చల్లకుండ మీద మూతగా పెట్టింది. సరిగ్గా సరిపోయింది.